ఆ కుర్చీలో నేనే ఉన్నాను

సింగపూర్‌లో పదిహేడేళ్లుగా ఉంటూ, ఇంకొకరు పట్టిపెట్టుకున్న కుర్చీలో దర్జాగా కూర్చున్న మొనగాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఇలా సీటు పట్టుకోవడాన్ని ఇక్కడ చోప్ చేయడం అంటారు. హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాల్లో, టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి భోజనం క్యూలోకి వెళ్తారు. తిరిగొచ్చేదాకా ఆ టేబుల్‌ని ఎవరూ ముట్టుకోరు. నేను ముట్టుకున్నాను. ఎందుకు ముట్టుకోవచ్చో మా ఆవిడకి లా పాయింటుతో సహా వివరించి మరీ కూర్చున్నాను.

దెయ్యాలూ భూతాలూ నేను నమ్మను. ఇది రాస్తున్న ఈ రోజుకీ నమ్ముతున్నానని చెప్పలేను. మాది తెనాలి. నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది పప్పుల హోల్‌సేలు, మేనమామది ఇత్తడి సామాన్ల షాపు. పొద్దున్న ఆరింటికి తలుపులు తీసి రాత్రి తొమ్మిదింటికి మూసే మనుషులు. దెయ్యాన్ని చూసేంత తీరిక మా వంశంలో ఎవరికీ దొరకలేదు. ఫలానా చోట ఏదో కనిపించిందని ఎవరైనా వచ్చి చెబితే, మా నాన్న మొదట అడిగే ప్రశ్న ఒకటే. “అసలు నువ్వెందుకెళ్లావురా అక్కడికి?”

మా అమ్మాయి పేరు అమూల్య. అప్పటికి పద్నాలుగేళ్లు. స్కూలు బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయిస్తుంది. ముందుకీ వెనక్కీ లాగుతూ ఊదే పొడుగాటి ఇత్తడి గొట్టం, అదీ ట్రాంబోన్ అంటే. మా ఆవిడ సునీత వీణ నేర్పిద్దామంది. పిల్ల ఈ గొట్టాన్ని ఇంటికి తెచ్చుకుంది. యీషున్ అనే పేటలో మాది పదకొండో అంతస్తు. పదో అంతస్తు వాళ్లు లిఫ్టులో మమ్మల్ని చూసి తలతిప్పుకోవడం మొదలెట్టి రెండేళ్లయింది.

ఆ ఏడాది ఇక్కడి మిలిటరీ బ్యాండ్ వాళ్లు ఒక పెద్ద పార్కులో ఆదివారం సాయంత్రం కచేరీ పెట్టారు. టికెట్ లేదు. కవాతు పాటలు కూడా కాదు, స్వింగ్. మన తాతల కాలంలో అమెరికాలో జనం డాన్సులు చేసిన సంగీతం. యూనిఫాంలో ఇరవై మంది నిటారుగా కూర్చుని, ఇస్త్రీ చేసినట్టున్న ముఖాలతో, పెళ్లి ఊరేగింపు బ్యాండుకి తాతలాంటి ఊపు వాయిస్తుంటే చూడటానికి వింతగా ఉంటుంది. ఆ కచేరీకి స్కూళ్ల నుంచి ముగ్గురు పిల్లల్ని ఎంచుకుని, తలా ఒక పాటలో ఎనిమిది బార్ల సోలో ఇచ్చారు. ఆ ముగ్గురిలో మా పిల్ల ఒకతె.

బారంటే నాలుగు దెబ్బల లెక్క. అమూల్య వంతు వచ్చే ముందు పదహారు బార్లు సాక్సోఫోన్ ఆయనవి. అంతసేపూ ఈ పిల్ల మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. పదహారు నిండగానే లేచి, మైకు ముందుకొచ్చి వాయించాలి. వాయించడం తనకి బాగానే వచ్చు. లెక్క దగ్గరే తడబాటు. రిహార్సల్‌లో రెండు బార్లు ముందే లేచి భూమ్మని ఊదేసింది. సాక్సోఫోన్ ఆయన నవ్వాపుకోలేక వాయించడం ఆపేశాడట. అందరూ నవ్వారట. మంచి నవ్వే అయుంటుంది. పద్నాలుగేళ్ల పిల్లకి మంచి నవ్వూ చెడ్డ నవ్వూ ఒకటే. ఇంటికొచ్చి గది తలుపేసుకుంది.

“నేను చెయ్యను నాన్నా. స్కూల్ మొత్తం వస్తారు. మళ్లీ ముందే లేస్తే ఐ విల్ డై లా.” మాట చివర ఆ లా తగిలించడం ఇక్కడి యాస.

బ్యాండ్‌ని నడిపించే కండక్టర్ సైగ చేస్తాడు కదమ్మా అన్నాను. పిల్లల కుర్చీలు స్టేజి అంచున, ఆయన వీపు వెనక వేశారట. ఆయన బ్యాండ్ వైపు తిరిగి ఉంటాడు, ఈ పిల్ల జనం వైపు తిరిగి ఉంటుంది.

లెక్కంటే నా సబ్జెక్టే కదా. మా కొట్లో పప్పు కొలిచేటప్పుడు నాన్న ఏనాడూ ఒకటి అనలేదు. మొదటి కొలతకి లాభం అనాలి. లాభం, రెండు, మూడు, నాలుగు. అలా కొలిస్తే కొట్టుకి మంచిదని. వారం రోజులపాటు భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని, తొడ మీద చరుచుకుంటూ, బారుకో వేలు మడుస్తూ అమూల్యకి ఇదే నేర్పాను. లాభం అనే మాట తనకి తెగ నచ్చింది. నేను చరిచే పద్ధతి నచ్చలేదు.

“నాన్నా, స్వింగ్‌లో టూ మీద, ఫోర్ మీద కొట్టాలి. నువ్వు వన్ మీద కొడుతున్నావ్. ఇది భజన కాదు.”

“లాభం దగ్గర గట్టిగా కొట్టకపోతే ఇంకెక్కడ కొడతామే?”

ఆ వారంలో తను నవ్వింది అప్పుడొక్కసారే.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు వరసలో, తన కుర్చీకి సూటిగా ఎదురుగా నేను కూర్చుంటాను. వేళ్లతో బార్లు చూపిస్తాను. పదహారు నిండగానే కుడి చెయ్యి పైకెత్తుతాను. జనాన్ని చూడొద్దు, స్కూలు వాళ్లని చూడొద్దు, నా చెయ్యి చూసి లే, అంతే అన్నాను. “అక్కడే ఉంటావా? ప్రామిస్?” అంది. ప్రామిస్ అన్నాను. ఆ రాత్రి కడుపునిండా అన్నం తింది. కాబట్టి ముందు వరసలో నాకు కావాల్సింది ఏదో ఒక కుర్చీ కాదు. ఆ ఒక్క కుర్చీ.

కచేరీ ఐదున్నరకి. మేం నాలుగున్నరకే వెళ్లాం. ముందు వరసలో మనుషులు పెద్దగా లేరు గానీ ప్రతి కుర్చీ మీదా ఒక టిష్యూ ప్యాకెట్టో, గొడుగో, నీళ్ల సీసానో ఉంది. అమూల్యకి ఎదురుగా పడే కుర్చీ మీద మాత్రం ఒక గుడ్డ కర్చీఫ్. తెల్లటిది, ఇస్త్రీ మడత నలగనిది, అంచున సన్నటి నీలం గీత.

ఈ దేశంలో కర్చీఫ్‌తో చోప్ చేసినవాణ్ణి పదిహేడేళ్లలో చూళ్లేదు. తప్పకుండా తెలుగువాడే అనుకున్నాను. కిటికీలోంచి కర్చీఫ్ వేసి బస్సులో సీటు పట్టడం మన విద్య. తెనాలి బస్టాండులో ఆ విద్యలో నేను ఆరితేరాను. దాని చట్టం కూడా నాకు కంఠతా వచ్చు. ఇంజన్ స్టార్టయ్యేలోపు మనిషి రాకపోతే కర్చీఫ్ చెల్లదు.

న్యాయంగానే కాచుకున్నాను. పక్క కుర్చీలో ఉన్న చైనీస్ ఆంటీని, ఇది ఎవరిదని అడిగాను. “డోంట్ నో. ఐ కమ్, ఆల్రెడీ హావ్” అంది. ఐదుంపావయింది. బ్యాండ్ వాళ్లు స్టేజి ఎక్కి శ్రుతి చూసుకోవడం మొదలెట్టారు.

“అదిగో, ఇంజన్ స్టార్టయింది” అన్నాను సునీతతో.

“ఏమండీ, వద్దండీ. టిష్యూ ప్యాకెట్టంటే వేరు. ఇది ఎవరో ముఖం తుడుచుకునే గుడ్డ.”

“తెలుగాయనైతే వచ్చాక బేరమాడుకుంటాం లే. పిల్ల ముఖం చూడు ముందు.”

సునీత చాప పట్టుకుని వెనక గడ్డి మీదికి వెళ్లింది. వీడియో తీసే పని తనది. నేను కర్చీఫ్‌ని మడత చెదరకుండా తీసి కుర్చీ వెనక అంచు మీద వేసి కూర్చున్నాను. ఒక సంగతి దాచకూడదు. ఆ గుడ్డ తడిగా ఉంది. మేం వచ్చినప్పటి నుంచి ముప్పావుగంట ఎండలో ఉన్న గుడ్డ అది. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

అమూల్య స్టేజి మీదికొచ్చి కూర్చుంది. నన్ను చూసింది. ట్రయల్‌కి చెయ్యెత్తాను, తలూపింది. నన్ను ఆ కుర్చీలో చూశానని తర్వాత తనూ ఒప్పుకుంది. ఇది గుర్తుంచుకోండి.

తన పాట నాలుగోది. మొదటి మూడు పాటలూ హాయిగా గడిచాయి. ఆంటీ నాకు అల్లం బిళ్ల ఇచ్చింది. ఆ స్టేజి మీదున్నది నా కూతురని చెబితే, “వా, సో స్మాల్, సో బిగ్ ట్రాంబోన్” అని నా భుజం తట్టింది.

నాలుగో పాటలో సాక్సోఫోన్ ఆయన లేచాడు. నేను లోపల లాభం అనుకుని మొదటి వేలు మడిచాను. అమూల్య నా వైపు చూసింది.

ఆ చూపుని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్లు నా ముఖం మీదికే వచ్చాయి. కానీ ఆగలేదు. కొట్టు అద్దంలోంచి లోపలి సరుకు చూసే మనిషి అద్దాన్ని చూడడు చూడండి, అలా ఉంది. కనుబొమలు ముడిపడ్డాయి. నాకు ఎడం వైపు వెతికింది. కుడి వైపు వెతికింది. వెనక వరసలు వెతికింది. మళ్లీ నా దగ్గరికే వచ్చి, మళ్లీ దాటిపోయింది. పెదాలు వణకడం నాకు స్పష్టంగా కనిపిస్తోంది. మా ఇద్దరి మధ్యా పది అడుగులుంటాయేమో.

ఐదు బార్లయ్యాయి. చెయ్యి ఊపాను. ఆరో బారులో లేచి నిలబడి రెండు చేతులూ ఊపాను. ముందు వరసలో ఐదడుగుల పదంగుళాల మనిషి లేచి నిలబడితే వెనకవాళ్లు ఊరుకోరు. ఒక్కరూ కూర్చోమనలేదు. “అమ్మూ!” అని పిలిచాను. నాది కొట్లో పెరిగిన గొంతు, నాలుగు షాపుల అవతలికి వినిపిస్తుంది. నా పిలుపు నాకు వినిపించింది. ఇంకెవరూ తల తిప్పలేదు. ఆంటీ కాలితో తాళం వేస్తూ స్టేజి వైపే చూస్తోంది. ఆమె భుజం తట్టాను. చూపు తిప్పకుండా, దోమని తోలినట్టు చేత్తో అక్కడ విదిలించుకుంది.

మాట మీద బతికినవాణ్ణి. ఎదుటివాడు వద్దంటే కావాలనిపించేదాకా మాట్లాడగలను. ఆ నిమిషంలో నా మాట చిల్లికాణీకి పనికిరాలేదు. పది అడుగుల దూరంలో పిల్ల భయంతో నీరుగారిపోతుంటే, ఎదురుగా నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాను. స్టేజి వైపు వెళ్దామనుకున్నాను. కాళ్లు బిగుసుకుపోలేదు, ఎవరూ పట్టుకోలేదు. వెళ్లి ముందు నిలబడినా తనకి నేను కనిపించకపోతే అన్న ఆలోచన వచ్చింది. అంతే, అడుగు పడలేదు. దానికి మాత్రం పిరికితనమని పేరు పెట్టుకుంటాను.

అప్పుడు అమూల్య ముఖం నిమ్మళించింది. కనుబొమలు విడిపోయాయి. తను చూస్తున్నది నా వైపే, కానీ నా ముఖాన్ని కాదు. నా పొట్ట ఎత్తున చూస్తోంది. నేను నిలబడి ఉన్నాను కదా, నా వెనక ఉన్న కుర్చీ ఎత్తు అది. వెనక్కి తిరిగి చూశాను.

కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంతలో పదహారు నిండాయి. అలవాటుగా చెయ్యెత్తాను. అమూల్య లేవలేదు. అయిపోయింది, పిల్ల తప్పిపోయిందనుకున్నాను. కానీ సాక్సోఫోన్ ఆయన కూర్చోలేదు. ఆయన మంచి ఊపు మీదున్నాడు, జనం ఊగుతున్నారు. కండక్టర్ గాల్లో వేలు గిర్రున తిప్పి ఇంకో పదహారు వాయించమన్నాడు. అప్పుడు నేనది చూసుకోలేదు, తర్వాత వీడియోలో చూశాను. నా చెయ్యి చూసి ఆ పిల్ల లేచి ఉంటే, రిహార్సల్‌లో జరిగిందే స్కూలు మొత్తం ముందు జరిగేది.

ఆ రెండో పదహారులో నా లెక్క పోయింది. తను మాత్రం ఖాళీ కుర్చీ మీద నుంచి కళ్లు తిప్పకుండా కూర్చుంది. తల కొద్దికొద్దిగా ఊగుతోంది. రెండు మీద, నాలుగు మీద. సరిగ్గా సాక్సోఫోన్ ఆయన చివరి స్వరం తెంచిన దెబ్బకి లేచి, రెండడుగులు ముందుకేసి ఊదింది. సంగీతం గురించి చెప్పే అర్హత నాకు లేదు. ఎనిమిది బార్లూ ఎక్కడా తడబడలేదు. ఆఖర్న గొట్టాన్ని చివరిదాకా లాగి వదిలితే జనం ఈలలేశారు.

చప్పట్లు ఆగాక ఆంటీ నా వైపు తిరిగి పెద్దగా నవ్వింది.

“ఓ, యూ కమ్ బ్యాక్ ఆల్రెడీ? ఓల్డ్ అంకుల్ గో వేర్?”

నేను ఎక్కడికీ వెళ్లలేదన్నాను. “డోంట్ బ్లఫ్ లా. యువర్ డాటర్ ప్లే, యూ గో టాయిలెట్” అంది, జాలిగా. కర్చీఫ్ కోసం చూశాను. కుర్చీ మీదా లేదు, కిందా లేదు.

కచేరీ అయ్యాక అమూల్య పరిగెత్తుకుంటూ సునీత చాప దగ్గరికొచ్చింది. వాళ్లమ్మని కావలించుకుంది. నన్ను చూసి ఆగింది.

“ఎక్కడికెళ్లావ్ నాన్నా? నీ సీట్‌లో ఎవరో తాతగారున్నారు.”

మన రంగేనట. తెల్ల చొక్కా, వెనక్కి దువ్విన తెల్ల జుట్టు. మోకాలి మీద వేలితో టూ, ఫోర్ కొడుతున్నాడట. పదహారు నిండినప్పుడు అరచెయ్యి అడ్డంగా చూపించి ఆగమన్నాడట. తర్వాత చెయ్యి పైకెత్తాడట. “నువ్వే ఆయన్ని కూర్చోబెట్టి వెళ్లావనుకున్నా” అంది.

సామాను సర్దుకుంటున్న, బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయించే సార్జెంట్ దగ్గరికెళ్లి, ఆ రెండో పదహారు ముందే అనుకున్నదా అని అడిగాను. కాదు అంకుల్, కండక్టర్ సార్ అప్పటికప్పుడు ఇచ్చారన్నాడు. మరి కుర్చీలో ఉన్నాయనకి అరచెయ్యి ఎప్పుడు చూపించాలో ఎలా తెలుసు? కండక్టర్ వేలిని చూశాడేమో. చూసే ఉంటాడు. నేను చూడలేదు, అంతే కదా.

సునీత తీసిన వీడియో ఉంది. వెనక నుంచి తీసింది. నా బట్టతల ఎంత దూరం నుంచైనా మెరుస్తుంది, దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మొదటి మూడు పాటల్లో ఉంది. ఐదో పాటలో ఉంది. నాలుగో పాటలో ఆ కుర్చీ మీద నిండుగా తెల్ల జుట్టున్న తల ఉంది. పాటంతటిలోనూ ముందు వరసలో ఎవరూ లేచి నిలబడలేదు, చేతులూపలేదు. పాటకీ పాటకీ మధ్య రికార్డింగ్ ఆపేసింది కాబట్టి, మనుషులు ఎప్పుడు మారారో అందులో లేదు. నేను వెళ్లాననడానికి సాక్ష్యం లేదు, ఉన్నాననడానికి అసలే లేదు. ఇదే వీడియోని ఆఫీసులో ఏ సప్లయరైనా నాకు చూపించి కథ చెబితే, చాలించవయ్యా అని పంపేసేవాణ్ణి.

డాక్టర్‌ని కలిశాను. బీపీ చూశారు, షుగర్ చూశారు, తల స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. మా రెండు వైపుల తాతల ఫొటోలూ అమూల్యకి చూపించాను. ఎవరూ కాదంది. ఆ పార్కులో ప్రతి కచేరీకి వచ్చేవాళ్లని అడిగాను. అలాంటి పెద్దాయన్ని ఎరగమన్నారు.

ఇవన్నీ చేస్తున్నంతకాలం అమూల్య నాతో సరిగ్గా మాట్లాడలేదు. కోపమైతే బాగుండేది, కోపంతో బేరమాడొచ్చు. మర్యాదగా ఉండేది. నేను ఉన్నానమ్మా, నీ ఎదురుగానే నిలబడ్డాను అని ఎన్నిసార్లు చెప్పానో. వీడియో పెట్టి చూపించాను, అది నాకే ఎదురు తిరిగింది. ఆంటీ అన్న మాట చెప్పాను, అదీ అంతే. మూడో వారంలో తనే అంది.

“వెళ్లావని చెప్పు నాన్నా, చాలు. ఐ వోంట్ బీ యాంగ్రీ. కానీ ఘోస్ట్ స్టోరీ చెప్పొద్దు. నేను చిన్నపిల్లని కాదు.”

సునీత నన్ను నమ్ముతుందో లేదో నాకు తెలియదు. ఆ రోజు వంటింట్లోంచి నా వైపు ఒకసారి చూసి, పెసరట్టు తిరగేసుకుంది.

ఆ శనివారం పొద్దున టిఫిన్ దగ్గర చెప్పేశాను. తంజోంగ్ పగార్‌లో ఉన్న మా ఆఫీసు నుంచి కాల్ వచ్చింది, పక్కకెళ్లి మాట్లాడాను, సీటు పోకుండా ఆ తాతగారిని కూర్చోమన్నాను అని.

“ఎంతసేపు?”

“ఒక్క పాట.”

“అంత ఇంపార్టెంటా?”

“కాదమ్మా.”

ప్లేటు వైపు చూస్తూ ఏడ్చింది. నేను పక్కనే ఉండి కూడా వీపు మీద చెయ్యి వేయలేకపోయాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని, నా పెసరట్టులో సగం తుంచుకుని తింది. “ఇంకోసారి ఫోన్ ఇంట్లో పెట్టి రా” అంది. ఆ రోజు నుంచి మళ్లీ మామూలుగా మాట్లాడుతోంది.

ఇక బిల్లు. నాకు వచ్చింది ముందు వరసలో ఒక కుర్చీ, గంటన్నరసేపు. పిల్ల పాట తప్పులేకుండా అయింది. నేను కనిపించి ఉంటే తప్పేదన్న సంగతి నాకు తెలుసు, తనకి తెలియదు. ఇక పోయింది. జనం మొదటిసారి తన కోసం ఈలలేసిన నిమిషంలో వాళ్ల నాన్న అక్కడ లేడు, ఏదో పనికిమాలిన ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. తను పెద్దయ్యాక ఎవరికి చెప్పినా ఇలాగే చెబుతుంది, ఆ కథ తన చేతికిచ్చింది నేనే. కుర్చీలో ఎవరున్నారో, అంతసేపూ నేను ఎక్కడున్నట్టో, ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను. ఆ సాయంత్రం నా ఫోన్‌కి ఒక్క కాల్ కూడా రాలేదు.